అవి ఏసీ నీళ్ళు కావు

2021 జూన్‌లో నన్ను షార్జా శివారులోని ఒక ట్రైలర్ యార్డుకు సీలింగ్, అంటే లీకులు మూసే పని, ఫోర్‌మన్‌గా వేశారు. కారు వెనక తగిలించుకుని ఎడారికి తీసుకెళ్ళే ఇంటిబండ్లను అక్కడ అద్దెకిచ్చేవారు. వాటిలోకి నీరెక్కడ దూరుతోందో కనిపెట్టి మూయించడం నా పని. ఏ కాలేజీ నేర్పలేదు. పాడైన బండ్లు విప్పి నేర్చుకున్నాను.

చేరిన కొత్తలోనే ఒక బండి లోపలి కప్పు, పైన బిగించిన ఏసీ చుట్టూ తడిసి ఉబ్బింది. వాన మొహం చూడని నెలలో పైనుంచి చుక్క రాలితే అక్కడ అందరిదీ ఒకటే మాట: ఏసీ నీళ్ళు. ఆ ఏసీ బిగించినవాడు నెల్లూరు మస్తాన్. వాడి వీసా రద్దు చేయిస్తానన్నాడు ముదీర్, అంటే మా మేనేజరు. నాకేమో, "సిలికాన్ కొట్టు చాచా, ఖలాస్" అని హుకుం.

కొట్టనన్నాను.

"ముదీర్ నువ్వా, నేనా?"

"మీరే సాబ్. కానీ నీళ్ళు మీ మాట వినవు."

మస్తాన్ నన్ను పక్కకు లాగాడు. "యాలన్నా ఆయనతో? నీ కొలువు గూడా పొయ్యేట్టుండాది."

"పోనీరా. చెయ్యని తప్పుకు తలొంచుకుని విమానమెక్కుతావా?"

ఏసీ ఆపించి, దానిమీద టార్పాలిన్ కప్పించాను. బండ్లు కడిగే పైపు ముదీర్ చేతికే ఇచ్చి, ముందువైపు పైఅంచు తడపమన్నాను. కాసేపటికి లోపల ఏసీ రంధ్రం దగ్గర చుక్కలు మొదలయ్యాయి. బండి కడిగినప్పుడల్లా నీరు ఒకచోట దూరి, కప్పులోని చట్రం వెంట పారి మరోచోట పడుతోంది.

తరువాత కిటికీలు, సందులు టేపుతో మూసి, బ్లోయర్‌తో లోపలికి గాలి ఎక్కించి, బయట సబ్బునీళ్ళు చల్లాం. ముందు అంచున ఉన్న చిన్న దీపం చుట్టూ బుడగలు లేచాయి. దీపం విప్పితే ఎండకు పగిలిన సిలికాన్, దానిమీద మళ్ళీ సిలికాన్. పాతదంతా గీకి, స్పిరిట్‌తో తుడిచి, జిగురు బ్యుటైల్ టేపు పరిచి బిగించి, అంచులకు సీలెంట్ పట్టించాం. పాతదాని మీద కొత్తది ఏనాడూ అతకదు.

మస్తాన్ ఉద్యోగం నిలిచింది. వాడికి క్షమాపణ చెప్పమని ముదీర్‌ను అందరి ముందూ అడిగాను. ఆయన "యల్లా, యల్లా, పదండి, పని చూసుకోండి" అంటూ వెళ్ళిపోయాడు. అది నేను మరిచిపోలేదు.

తడి కనబడిన చోటే కారుతున్న చోటు కాకపోవచ్చు. అక్కడ పనిచేసినవాడే దోషీ కాకపోవచ్చు. నేను రిటైరయ్యేదాకా ఆ యార్డులో ఏసీ ఆపి చూడకుండా ఎవరినీ "ఏసీ నీళ్ళు" అననివ్వలేదు. ముదీర్‌నూ అననివ్వలేదు.