చెత్త కింద పోయిన వల డిజైను

కంప్యూటర్ నెమ్మదించిందని మా ఇంట్లో ఓ ఆదివారం పంచాయితీ జరిగింది. అందులో ముద్దాయిని నేనే. నన్నెవరూ పిలవలేదు, అడగలేదు. చేపల పులుసు దింపి వచ్చేసరికి తీర్పు కూడా అయిపోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్ళు మండుతోంది.

మాది విశాఖలో పాత ఊరు. మావారు పోర్టులో క్రేన్ నడుపుతారు. నేను ఇంట్లో జాకెట్లకు మగ్గం పని చేస్తాను. డిజైను కంప్యూటర్లో గీసి, ప్రింటు తీయించి, ట్రేసింగ్ పేపరు మీదకెక్కించి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడుస్తాను. కిరసనాయిల్లో కలిపిన తెల్లపొడి దాని మీద అద్దితే బొమ్మ గుడ్డ మీదకి దిగుతుంది. ఆ కాగితాలు నాలుగు జాకెట్లకే నూనె పట్టి చిరిగిపోతాయి. మిగిలేది కంప్యూటర్లో ఉన్న ఫైలే. ఆ గీసే ప్రోగ్రాం నాకెవరూ నేర్పలేదు. అన్నం ఉడికేలోపు ఒక ఆకు, పులుసు మరిగేలోపు ఒక పువ్వు, అలా పట్టుబడింది.

నా ఫైళ్ళలో ఒకటి వల డిజైను. చేపల కోసం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళినప్పుడల్లా గట్టు మీద ఆరేసిన వలలు చూసేదాన్ని. మడతల దగ్గర కన్నులు చిన్నవిగా, అంచుల్లో పెద్దవిగా కనబడేవి. ఆ మడత గీత మీదకి రావడానికి ఎన్నిసార్లు చెరిపానో నాకే తెలుసు. జాకెట్టు చేతుల నిండా వల, ముడి ముడికీ ఒక పూస. నెమళ్ళూ తామరపువ్వులూ ఎవరైనా కుడతారు, ఈ వల మాత్రం నా దగ్గరే దొరికేది. సీతమ్మధార నుంచి ఒకావిడ ఆటో కట్టించుకుని వచ్చి, కూతురి పెళ్ళికి ఇదే కావాలని గుడ్డ ఇచ్చి వెళ్ళింది. పాత కాగితం చిరిగిపోయింది. సోమవారం మళ్ళీ ప్రింటు తీయించాలి.

ఆ ముందురోజే సబ్బవరం నుంచి మా ఆడపడుచు భర్త దిగాడు. మావారికి బావ, నాకు అన్నయ్య వరస. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు కాబట్టి చుట్టాలందరి కంప్యూటర్లకూ ఆయనే వైద్యుడు. పెట్టెలో ఫ్యాను ఆయాసపడుతోందనీ, ముందు మూత విప్పి చూడమనీ నేను చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. అనవసరమైన ప్రోగ్రాములు పేరుకుపోయాయట, అవి తీసేస్తే చాలట. సరేనని వంటింట్లోకి వెళ్ళాను.

తిరిగొచ్చి చూస్తే నా ఫోల్డర్ లేదు. మావారి రుషికొండ పిక్నిక్ వీడియోలు ఉన్నాయి. ఆయన క్రికెట్ ఆట ఉంది. ఎవరెవరో పంపిన శుభోదయం బొమ్మలు కూడా భద్రంగా ఉన్నాయి. నా బొమ్మలేవని అడిగాను.

“అవి జాగా తినేత్తన్నాయమ్మా. ఆ గీసే ప్రోగ్రాం కూడా తీసేసినాను,” అన్నాడు అన్నయ్య, మెచ్చుకుంటాననుకుని.

చెత్తబుట్టలో వెతికాను. దాన్నీ ఖాళీ చేశాడు మహానుభావుడు.

“బొమ్మలే గదే, మళ్ళీ గీసుకో,” అన్నారు మావారు.

ఎద్దు పుండు కాకికి నొప్పా? అంత మంటలోనూ వాళ్ళిద్దరికీ పులుసు వడ్డించాను చూడండి, అది తలుచుకుంటే నా మీద నాకే కోపం. ఇంతా చేసి కంప్యూటర్ నత్తనడక నత్తనడకే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇది పాతబడిపోయింది, కొత్తది కొనుక్కోండని చెప్పి అన్నయ్య బస్సెక్కాడు.

మర్నాడు మావారు డ్యూటీకి వెళ్ళాక ప్లగ్గు పీకి, కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో పెట్టె మూత విప్పాను. లోపలంతా నల్లటి దుమ్ము, దుప్పటి పరిచినట్టు. ఫ్యాను రెక్కలు దాన్లో కూరుకుపోయి ఉన్నాయి. గాలి ఇటు తిరిగితే చాలు, పోర్టు నుంచి ఆ బొగ్గు దుమ్ము మా వీధిలో కిటికీ చువ్వల మీదా ఆరేసిన బట్టల మీదా పడుతుంది. పొద్దునా సాయంత్రం ఇల్లంతా నేనే తుడుస్తాను. పెట్టె గురించి నీకేం తెలుసంటారని అదొక్కటే ముట్టుకోలేదు. పాత కుంచెతో దులిపితే కంచంలోకి గుప్పెడు దుమ్ము రాలింది. మూత బిగించి స్విచ్చేస్తే కంప్యూటర్ చకచకా లేచింది. నా వల మాత్రం రాలేదు.

మావారు సాయంత్రం వచ్చి కంప్యూటర్ పెట్టారు. మొహం వెలిగిపోయింది. వెంటనే ఫోను తీశారు.

“బావా, నువ్వు సేసిన క్లీనింగు అదిరిపోయింది. గుర్రంలాగ పరిగెడతంది.”

సొమ్మొకడిది సోకొకడిది! అరికాలి మంట నెత్తికెక్కింది. దుమ్ము కంచం తెచ్చి ఆయన ముందు పెట్టి, చేతిలో ఫోను లాక్కున్నాను.

“అన్నయ్యా, సెత్త ఈ కంచంలో ఉంది. నానే తీసినాను. మీరు తీసింది నా కూడు.”

మావారు కంచంలో వేలు పెట్టి ఆ దుమ్ము చూశారు.

మరుసటి రోజు, అంతకుముందు వల కుట్టించుకున్న ఒకావిడ ఇంటికి వెళ్ళి, ఆ జాకెట్టు ఒక్క పూట ఇమ్మని బతిమాలాను. నేను గీసిన గీతనే ఆవిడ జాకెట్టు చేతుల మీంచి దొంగలా కాగితం మీదకి ఎత్తుకున్నాను. పెళ్ళి జాకెట్టు వేళకి ఇచ్చాను. ఎవరూ తేడా కనిపెట్టలేదు గానీ, మడతల దగ్గర అది నా వల కాదు. తక్కిన డిజైన్లు ఇక లేవు.

కంప్యూటర్ ఇప్పుడు నా మగ్గం పక్కన ఉంది. గీసే ప్రోగ్రాం మళ్ళీ పెట్టుకున్నాను, పాస్‌వర్డ్ కూడా పెట్టాను. మొన్న ఆదివారం మావారు దాని ముందు కూర్చుని, తెరుచుకోక, పాస్‌వర్డ్ ఏమిటని అడిగారు.

“ఏటి కావాలో సెప్పండి, నాను తీసి పెడతాను,” అన్నాను.

క్రికెట్ ఆట కావాలన్నారు.

“అది జాగా తినేత్తందండి. తీసేసినాను.”