సేటుకు జానయ్య ఎర్ర వడ్ల పరీక్ష

మా మిర్యాలగూడ విశ్వేశ్వర్ సేటుకి ఒకటే జబ్బు. ఏది కనిపించినా దానికి బతికే సత్తువ ఉందా లేదా అని పరీక్ష పెడతాడు. "తట్టుకుంటే ఉంటది, లేకుంటే పోతది" అంటాడు. జిరాఫీ మెడ ఎందుకు పొడుగైందో టీవీలో చూసినప్పటి నుంచి ఆయన మనిషి కాదు, తిరిగే జీవపరిణామ సిద్ధాంతం.

ఆయన రైస్‌మిల్లు పక్కనే నాది మోటార్ల రిపేరు దుకాణం. నడి మే నెలలో కూడా సేటు ఆఫీసులో ఫ్యాను తిరగదు.

"ఉడికిపోతున్నం సేటూ, జర ఫ్యానెయ్యి."

"ఫ్యానుకు అలవాటు పడితే మన జాతి మెత్తబడతది నాగేందర్. ఒంటెకు ఫ్యానున్నదా?"

నేను బాగుచేసిన మోటారు ఒకసారి వారం తిరక్కుండానే కాలిపోయింది. సేటు తిట్టలేదు. భుజం తట్టి, "నీ మోటారు ఇంక పరిణామం చెందలే" అన్నాడు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది. ఇంట్లో ఆయన భార్య హైమావతమ్మ కూలర్ అడిగి అడిగి మానేసింది. "ఈయనతోని కాపురం చేస్తున్ననంటే నాదెంత గట్టి జాతో సూడు" అంటుంది.

ఈ యాసంగి పంట కోతకొచ్చే వేళ అకాల గాలివాన వచ్చి సన్నవడ్ల చేలన్నీ నేలకు ఒరిగాయి. చివ్వెంల ఊరి రైతు జానయ్య చేలో ఎర్ర వడ్లు మాత్రం నిలబడ్డాయి. కానీ వాటిని మిల్లు పట్టేవాడే లేడు. ఎర్ర గింజ ఒక్కటి మిషన్లో మిగిలినా తర్వాత వచ్చే తెల్లబియ్యం చెడుతుందని సూర్యాపేటలో, కోదాడలో మిల్లులవాళ్లందరూ వద్దన్నారు. చివరికి బస్తాలు ఆటోలో వేసుకుని సేటు దగ్గరికి వచ్చాడు.

"తాతల నాటి ఇత్తనం సేటూ. ఏసేటోణ్ని నేనొక్కణ్నే. నువ్వు గూడ పట్టనంటే ఇగ ఖతమే."

సేటు ఒక గింజ నమిలాడు. "గాలికి తట్టుకున్నది. బజారుకు తట్టుకోలే. ఫెయిల్."

జానయ్య మొహం వాడిపోయింది. నాకు ఒళ్లు మండింది. "మెడ పొడుగు లేదని గింజను చంపుతవా సేటూ?"

"చంపనీకి నేనెవణ్ని? ప్రకృతి చూసుకుంటది. జానయ్యా, బస్తాలు దించు. ఎట్లాగూ ఇయ్యాల మిషన్ కడిగేదుంది."

ఆ మిషన్ ముందు రోజే కడిగారు. మోటారు విప్పి బిగించింది నేనే.

విత్తనానికి కొన్ని వడ్లు జానయ్యకు వదిలి, మిగతావన్నీ ఆడించి, ఆ బియ్యం సేటే కొన్నాడు. కొన్నాళ్లకు నన్ను భోజనానికి పిలిచాడు. సన్నబియ్యం తప్ప ముట్టని ఇంట్లో నా పళ్లెం నిండా ఎర్రన్నం!

"రోజూ ఇదే" అంది హైమావతమ్మ. "నమిలి నమిలి దవడలు పీకుతున్నయ్. చుట్టాలకు, హమాలీలకు ఊరికెనే పంచుతుండు. తిన్నోళ్లు ఒక్కరన్న మళ్ల అడిగితే జానయ్యను ఇత్తనం ఏయమందామని ఈయన ఆశ. ఇప్పటిదాక ఎవ్వరడగలే."

"ప్రకృతి చూసుకుంటదంటివి గద సేటూ?"

సేటు ముద్ద నములుతూనే అందుకున్నాడు. "ఏం, ప్రకృతిల నేను లేనా? ఎండ, వాన, చీడ, నేను. ఆ వడ్లకు నేను గూడ ఒక వాతావరణమే."

"వాతావరణం గారూ, ఇంకింత వడ్డించాల్నా?" హైమావతమ్మ గరిటె ఎత్తింది.

"నాకొద్దు" అన్నాడు సేటు దవడ పట్టుకుని.

"నాకు పెట్టమ్మా" అన్నాను. నిజం చెప్పొద్దూ, పప్పుచారుతో భలేగా ఉంది. "పొయ్యేటప్పుడు ఒక సంచి గూడ ఇయ్యండ్రి."

సేటు ఎంగిలి చేత్తోనే ఫోన్ అందుకున్నాడు.

"జానయ్యా! నారు పొయ్యి! ఒకడు అడిగిండు!"