జమ్ములమ్మ తుడిచిన పురుగులు

ఏం పని చేస్తున్నావని ఎవరైనా అడిగితే జమ్ములమ్మ "పురుగులను సాకుత" అనేది. విన్నవాళ్లు నవ్వితే తానూ నవ్వేది. అది నిజమే. గద్వాల ఊరి చివర రైతుల సంఘం కిరాయికి తీసుకున్న రెండు గదుల ఇంట్లో ఆమె పెంచేవి అల్లిక రెక్కల పురుగులు. పెద్దవయ్యాక అవి లేతాకు పచ్చగా, జల్లెడలాంటి రెక్కలతో, బంగారు కళ్లతో ఎంతో సాధువుగా కనిపిస్తాయి. పిల్లలుగా ఉన్నప్పుడు మాత్రం పత్తి మీది పేనుబంకను కొడవళ్లలాంటి కోరలతో పట్టి పీల్చేస్తాయి. ఆ పిల్లల్ని చేలో వదిలితే ఒకటి రెండు సార్లయినా మందు కొట్టడం తప్పుతుందని సంఘం వాళ్ల ఆశ.

జమ్ములమ్మకు ఆ పని ఆశ మాత్రమే కాదు, ఆసరా. అంతకు ముందు పదకొండేళ్లు ఆమె అయిజ దిక్కు విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ కూలి. సాయంత్రం ఆడ సాళ్ల మొగ్గల్ని గోటితో ఒలిచి లోపలి పుప్పొడి కాడల్ని తీసేయాలి, తెల్లవారాక మగ సాళ్ల పువ్వు తెచ్చి అంటించాలి. ఒక భాద్రపదంలో మందు కొట్టిన మర్నాడే చేలో దిగి, సాలు మధ్యలో పడిపోయింది. మూడు రోజులు దవాఖానలో ఉంది. ఆ తర్వాత మందు వాసన తగిలితే చాలు, గట్టు దాటి చేలోకి దిగేది కాదు. 2003లో సంఘం ఆమెను పనిలో పెట్టుకుంది. ఈ నీడ పోతే మళ్లీ ఆ చేలోకే.

ఆ ఏడు వానాకాలం మొదట్లో పురుగులు నీరసించాయి. తరతరాలుగా గదిలోనే పుట్టి పెరిగినందుకేమో గుడ్లు తగ్గిపోయాయి. పని చూసే లక్ష్మణ్ సారు ఒక రోజు ఆమెను పక్కకు పిలిచి, "చేన్ల నుంచి కొత్తవి కొన్ని పట్టుకొస్తవా జమ్ములమ్మా? వీటిల్ల కలుపుదాం" అన్నాడు. బయటి పురుగును కలపకూడదన్నది నియమం. అది ఇద్దరికీ తెలుసు. ఆమె అయిజ వెళ్లి, తల్లిగారి ఆముదం చేలో నలభై దాకా పట్టి తెచ్చింది. గుడ్లు పెరిగాయి. లక్ష్మణ్ ఊపిరి పీల్చుకున్నాడు.

పదిహేను రోజులకు గళ్ల పెట్టెల్లో ఒక చిత్రం కనిపించింది. ఒకదాన్నొకటి తినేస్తాయని పిల్లపురుగుల్ని గడికొకటి చొప్పున వేస్తారు. మేతకు చిమ్మట గుడ్లు చల్లుతారు. కొన్ని గళ్లలో పురుగు వీపు మీద పీల్చి వదిలేసిన గుడ్ల పెంకులు, చిమ్మటల రెక్కల పొడి కుప్పగా ఉన్నాయి. తన శుభ్రం చాలలేదనుకుంది జమ్ములమ్మ. క్రాసింగ్ చేలో ఒలవకుండా తప్పిపోయిన ఒక్క పువ్వు మిగిలినా కాయను తెంపి పారేయాల్సిందే. విత్తనాల లాటులో కల్తీ తేలితే చేనంతా ఫెయిలు. ఆ చేతులు ఊరుకోవు. సన్న కుంచె తీసుకుని ఒక్కొక్క వీపూ తుడిచింది. మర్నాటికి మళ్లీ చెత్త. మళ్లీ తుడిచింది. హైదరాబాదు నుంచి కీటకాల పెద్దసారు తనిఖీకి వస్తున్నాడని తెలిశాక పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తుడవసాగింది.

"పిల్లలకు పౌడర్ గూడ కొడ్తవా అక్కా?" అనేది పక్కన మేత చల్లే కుల్సుమ్‌బీ.

"నీ పిల్లలకు కొట్టుకోపో."

గురువారం పదింటికి ఆ పెద్దసారు ప్రభుదాసు వచ్చాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. టీ కూడా ముట్టకుండా భూతద్దం తీసి, సీసాల్లోని పెద్ద పురుగుల్ని ఒక్కొక్కటిగా చూడసాగాడు. గంట గడిచింది. ఒక సీసా ఎడమకు, ఒకటి కుడికి జరుపుతున్నాడు. లక్ష్మణ్ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఇవి రెండు జాతులు," అన్నాడు చివరికి. "దీనికి తల నుంచి తోక దాకా వీపున పసుపు గీత ఉంది. ఇది మీ అసలు పురుగు. దీనికి గీత లేదు, మెడ పక్కన రెండు మచ్చలున్నాయి. బయటి నుంచి తెచ్చారా?"

"లేదు సార్. బయటివి ఏం తేలేదు," అన్నాడు లక్ష్మణ్. అంటూ జమ్ములమ్మ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

ప్రభుదాసు గళ్ల పెట్టెల మీదికి వంగాడు. మూడు వందల గళ్లు. అన్నీ నున్నగా, ఒకే తీరుగా ఉన్నాయి. "పెద్దవాటిని విడదీయవచ్చు. ఇంత చిన్న పిల్లల్ని ఈ అద్దంతో విడదీయలేను. మైక్రోస్కోపు కావాలి, అది ఇక్కడ లేదు. రైతులకు ఇవ్వడానికి వీల్లేదు. కాల్చేయండి. నాలుగింటికి నా బండి, ఆలోగా కాగితం రాస్తాను."

ఈ కారు పంటకు పురుగులు అందకపోతే సంఘం ఆ ఇల్లు ఖాళీ చేస్తుందని అందరికీ తెలుసు. జమ్ములమ్మ వెనక వసారాలోకి నడిచింది. కుల్సుమ్‌బీ వెంట వచ్చింది.

"పరేషాన్ గాకు అక్కా. లక్ష్మణ్ సారే అబద్ధమాడిండు. నువ్వేం జేసినవ్?"

"తుడిచిన," అంది జమ్ములమ్మ.

"తుడిస్తే ఏమైతది?"

జమ్ములమ్మకు ఏడేళ్ల కిందటి మాట మనసులో మెదిలింది. అప్పుడు ఒక సాలు మొగ్గలు ఒలవకుండా తప్పించింది తనే. జ్వరంతో ఉంది. లాటు ఫెయిలైంది. ఆసామి పక్క సాలు బుజ్జమ్మను తిట్టి, పనిలోంచి తీసేశాడు. బుజ్జమ్మ తన వైపు చూసింది. తను నోరు విప్పలేదు. ఆ తర్వాత ఆ మనిషి అమరచింత వైపు పోయిందన్నారు, మళ్లీ కనిపించలేదు.

జమ్ములమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

"సారూ, అయిజ నుంచి నేనే తెచ్చిన. లక్ష్మణ్ సారు తెమ్మంటె తెచ్చిన. కొన్ని పిల్లలు వీపు మీద చెత్త ఏస్కుంటుండె. మురికని దినాం నేనే తుడుస్తున్న. అందుకే మీకు అన్నీ ఒక్కతీరు కండ్లవడ్డయి."

లక్ష్మణ్ కిటికీ వైపు తిరిగాడు.

ప్రభుదాసు కుర్చీలో కూర్చున్నాడు. "తుడిచావా? అది మురికి కాదమ్మా. చీమల కంట పడకుండా కప్పుకునే గొంగడి. కొన్ని జాతుల పిల్లలకు పుట్టుకతోనే ఆ గుణం ఉంటుంది. మీ అసలు పురుగుకు లేదు."

"మరి తుడిచినంక మళ్ల ఏస్కుంటయి సారూ. నేను జూసిన. జర దూది దొరికితె ఇప్పుడే ఏస్కుంటయేమో."

ఆయన గడియారం చూసుకున్నాడు. పన్నెండున్నర. "సరే, వెయ్యి."

పత్తికి కొదవ లేని ఊరు. కుల్సుమ్‌బీ దూది పింజను సన్నగా పీకింది, జమ్ములమ్మ కుంచెతో గడిగడికీ ఇంత నూగు వేసింది. ముగ్గురూ పెట్టెల చుట్టూ నిలబడ్డారు. లక్ష్మణ్ మాత్రం కిటికీ దగ్గరే ఉన్నాడు.

ఏమీ జరగలేదు. ఒంటిగంటైంది. పురుగులు కదలకుండా మూలలకు ఒదిగి ఉన్నాయి. ఒకటిన్నర. ప్రభుదాసు సంచీలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. జమ్ములమ్మ గళ్ల మీదికి వంగింది. పొద్దున కుల్సుమ్‌బీ కడుపునిండా మేత వేసింది, తిని పడుకున్నాయా? ఇన్నిసార్లు తుడిచేసరికి విసిగి మానేశాయా? అడగడానికి కూడా ధైర్యం చాల్లేదు.

"అక్కా," అంది కుల్సుమ్‌బీ మెల్లగా. "ఇగ జూడు."

మూడో వరుస చివరి గడిలో ఒక పురుగు దూది పోగును కోరలతో పట్టింది. తలను వెనక్కి వంచి, దాన్ని వీపు మీద ఆనించి, మెడతో నొక్కింది. మళ్లీ ఇంకో పోగు. నెత్తిన మోపు ఎత్తుకునే మనిషిలా కొంచెం ఊగి నిలదొక్కుకుంది. ఆ తర్వాత పై వరుసలో ఒకటి, పక్క పెట్టెలో రెండు. మూడున్నరకు నలభై ఏడు గళ్లలో తెల్లని మూటలు తిరుగుతున్నాయి. మిగతావి దూదిని తొక్కుకుంటూ పోయాయే తప్ప ముట్టుకోలేదు. ఆరు మాత్రం ఎటూ తేలలేదు. వాటిని కాల్చేయమన్నాడు ప్రభుదాసు. మిగతావాటిని మూడు రోజులు దూదితో చూశాకే రైతులకు ఇవ్వాలని రాశాడు.

నలభై ఏడింటినీ సీసాల్లోకి ఎక్కించుకుని, పెద్ద పురుగుల వర్ణన రాయడానికి కూర్చున్నాడు. కళ్లు అలిసిపోయాయి. "అమ్మా, ఈ మెడ మచ్చ ఏం రంగు? ఎరుపా, గోధుమా?"

ఆమె అద్దంలోంచి చూసింది. "నానవెట్టిన చింతపండు రంగు సారూ. అంచుకు జర పల్చన."

ఆయన రాసుకున్నాడు. "దీని పేరేంది సారూ?" అని అడిగింది.

"ఇప్పుడే చెప్పలేను. మగదాని కడుపు కొస కోసి, మైక్రోస్కోపు కింద చూస్తేనే తేలుతుంది." లేస్తూ లక్ష్మణ్ వైపు తిరిగాడు. "నియమం ఎందుకు తప్పారో మీరు రాసి పంపండి. మీ చేతితో."

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. ఎప్పుడో పేరు పెట్టిన జాతే. లక్ష్మణ్ ఆ పొడుగాటి పేరు పైకి చదివాడు. అందులో ఒక్క ముక్క కూడా ఆమె నోటికి తిరగలేదు.

అంతకు ముందు, ఆ గురువారం తర్వాత పదిరోజులు లక్ష్మణ్ ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా వేళకు వచ్చి, వేళకు వెళ్లింది. ప్రతి సాయంత్రం ఇక రావద్దనే మాట వింటాననుకుంటూ చెప్పులు తొడుక్కునేది. పదకొండో రోజు పొద్దున ఆమె బల్ల మీద కుంచె పక్కన పాత బిస్కట్ల డబ్బా ఉంది. మూత తీస్తే లోపల విత్తనాలు తీసిన దూది, పింజ పింజగా సర్ది ఉంది.

"కొత్త లాటుకు ముందుగాల అదెయ్యి," అన్నాడు లక్ష్మణ్ తలుపు దగ్గరి నుంచి, ఆమె వైపు చూడకుండా.

జమ్ములమ్మ కుంచె తీసుకుంది.