క్లిప్పుల చివర్న ఉన్న పిల్ల

మా కోడలికి భయం పుట్టుకతో వచ్చింది. పెళ్ళయిన కొత్తలో నేను దాన్ని అణకువ అనుకుని మురిసిపోయాను. తర్వాత తెలిసింది. తాళం వేసి మెట్లన్నీ దిగాక మళ్ళీ పైకెక్కి తాళం లాగి చూసుకుంటుంది. గ్యాసు కట్టేశామా లేదా అని ఆఫీసులో ఉన్న మావాడికి ఫోన్ చేసి అడుగుతుంది, వాడేదో అక్కణ్ణుంచి తొంగి చూసి చెప్పగలిగినట్టు. గోరంత కనబడితే కొండంత చేసి, ఆ కొండను తన నెత్తినే పెట్టుకుంటుంది.

అలాంటి మనిషి చేసే ఉద్యోగం నాలుగేళ్ళ పిల్లలకు పాఠాలు చెప్పడం. స్కూల్లో అన్నిటికన్నా చిన్న తరగతి తనది, మనిషి కూడా పొట్టే, అందుకని అక్కడ అందరూ చిన్న టీచర్ అంటారు. ఇంట్లో నేను గట్టిగా తుమ్మినా ఉలిక్కిపడే మా కోడలు, అక్కడ గదినిండా ఉన్న పిల్లలను ఒక్క చూపుతో కూర్చోబెడుతుందట. ఎవరో చెబితే విన్నాను. మా ఇంట్లో మాత్రం ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు.

చదువులు ముగిసే ముందు ఏటా ఆ స్కూల్లో ఒక సభ జరుగుతుంది. తల్లిదండ్రులు వచ్చి కూర్చుంటే, పిల్లలకు ఏడాది పొడుగునా తీసిన ఫొటోలు పాటతో పాటు తెర మీద ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. చిన్న తరగతి స్లైడ్‌షో చేసేది మా కోడలే. మధ్య మధ్యలో ఫోన్‌తో తీసిన వీడియో క్లిప్పులు కూడా కలపాలి, అసలు తలనొప్పి అదే. ఆ సాఫ్ట్‌వేరు ఫొటోల కోసం పుట్టింది. ఫొటో చెప్పినంతసేపు బుద్ధిగా నిలబడుతుంది, వీడియో అలా కాదు. ఉన్నది ఉన్నట్టు పెడితే సభ అంతా ఆ ఒక్క క్లిప్పుతోనే తెల్లారుతుంది. అందుకని ఒక్కోదాన్ని నాలుగైదు సెకన్లకు కోయాలి. అడ్డంగా పడుకున్నదాన్ని లేపి నిలబెట్టాలి. పాటకు అడ్డం రాకుండా దాని గొంతు నొక్కేయాలి. మొదట్లోనూ చివర్లోనూ ఫోన్ ఊగే భాగం తీసేయాలి, లేకపోతే చూసేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. ఇదంతా నాకెలా తెలుసంటే, తను కంప్యూటరు పెట్టుకునేది భోజనాల బల్ల మీద. నేను కూరగాయలు తరిగేదీ అక్కడే. ఇద్దరిదీ కోత పనే.

పోయినేడు ఒక తండ్రి, తన కొడుకు ఒక్కసారే కనబడ్డాడనీ, పక్కింటివాళ్ళ అబ్బాయి నాలుగుసార్లు కనబడ్డాడనీ ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని దూదిని ఏకినట్టు ఏకాడు. ప్రిన్సిపాల్‌ను అక్కడ పెద్ద మేడమ్ అంటారు. ఆవిడ ఆ ఏకుడంతా ఓపిగ్గా విని, ఒక్క మాటా పొల్లుపోకుండా మా కోడలికి అప్పగించింది. ఈసారి ఒక్క పిల్ల తప్పిపోయినా ఊరుకోనని ముందే చెప్పింది.

సభకు ముందు రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా కోడలు ఇక అంతా అయిపోయిందనుకుని, పిల్లల పేర్లు గొణుక్కుంటూ, వేళ్ళు మడుస్తూ స్లైడ్‌షో మొదటినుంచీ చూసుకుంటోంది. నేను రాత్రి వంటకు కూరగాయలు తరుగుతున్నాను. ఉన్నట్టుండి గొణుగుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తోక లేదు, అత్తయ్యా" అంది.

తోక అంటే వాళ్ళ తరగతిలో ఒక పిల్ల. తల్లి వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తూ నెలకోసారి వస్తుంది. తండ్రి బస్సు డ్రైవరు. తెల్లారేసరికి బస్సు తీయాలి కాబట్టి, నిద్రకళ్ళతో ఉన్న పిల్లను అందరికంటే ముందు స్కూల్లో దించేసి వెళ్ళిపోతాడు. మొదటిరోజు ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి, చివరికి మా కోడలి చిటికెనవేలు పట్టుకుని ఊరుకుంది. ఆ వేలు ఏడాదైనా వదల్లేదు. టీచర్ ఎటు వెళ్తే అటు, బోర్డు దగ్గరికి బోర్డు దగ్గరికి, గేటు దగ్గరికి గేటు దగ్గరికి. మిగతా టీచర్లు చూసి చూసి చిన్న టీచర్‌కు తోక మొలిచిందన్నారు, ఆ పేరే ఉండిపోయింది.

"ఉండే ఉంటుందిలే, సరిగ్గా చూడు" అన్నాను.

"మూడోసారి చూస్తున్నానండీ. ఎక్కడా లేదు. వాళ్ళ నాన్నకు మాటిచ్చాను."

అదీ అసలు సంగతి. రెండు రోజుల క్రితం ఆయన గేటు దగ్గర ఆగి, "టీచర్ గారూ, నాకు రెండు ట్రిప్పుల మధ్య కాస్త టైము దొరుకుతుంది. మా పాప ఎక్కడొస్తుందో చెబితే అది చూసుకుని పోతాను" అని అడిగాడట. ఈవిడగారు ఏదీ చూసుకోకుండా, "మొదట్లోనే వస్తుందండీ, తప్పకుండా రండి" అనేసింది. తాళం మూడుసార్లు లాగి చూసే మనిషి, మాట ఒక్కసారి కూడా లాగి చూసుకోలేదు.

ఫోన్‌లో ఉన్న ఫొటోలన్నీ మళ్ళీ తిరగేసింది. ఎక్కడా లేదు. తోటి టీచర్లకు ఫోన్ చేసింది. ఒకావిడ దగ్గర ఆటల పోటీల ఫొటోలో మోచెయ్యి మాత్రం దొరికింది, అదీ ఆ పిల్లదేనని ఎవరూ ఒట్టేసి చెప్పలేకపోయారు. స్కూల్లో చేర్పించినప్పటి ఫొటో ఉంది గానీ అందులో నోరు తెరిచి ఏడుస్తోంది.

"అదేమిటమ్మాయ్, ఏడాదంతా నిన్ను అంటిపెట్టుకున్న పిల్ల ఒక్క ఫొటోలోనూ లేకపోవడమేంటి?"

"అంటిపెట్టుకుంది కాబట్టే లేదు. ఫొటో తీసేది నేను కదా. ఈ చేతిలో ఫోన్, ఆ చేతి వేలు దాని దగ్గర. నా పక్కనుంటే ఫొటోలోకెలా వస్తుంది?"

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా నోటికి ఏ మాట ఎప్పుడు రావాలో తెలియదు, అది మా ఆయన ఉన్నప్పుడూ అనేవారు.

లోపలి గదిలో పడుకున్న మావాడు, "రేపు పొద్దున్నే ఒక ఫొటో తీసి పెట్టెయ్, గొడవ వదిలిపోతుంది" అని అక్కణ్ణుంచే సలహా పారేశాడు.

"ఏడాదంతా నాతోనే ఉంది. ఒక్క పూట ఫొటో తీసి, ఇదే నీ ఏడాది అని దానికి చూపించనా?" అంది మా కోడలు. దాని గొంతులో కోపం వినడం నాకదే మొదటిసారి.

ఆ తర్వాత తను బల్ల ముందు ఊరికే కూర్చుంది. వేలికున్న ఉంగరం తిప్పుకుంటూ కూర్చుంది. రేపు ఆ తండ్రి హాల్లో నిలబడి తెరవంక చూస్తూ ఉండటం నాక్కూడా కళ్ళకు కట్టింది. ఏం చెయ్యాలో తోచక నేను తరిగిన తొడిమలూ చివర్లూ చేత్తో పోగుచేసి చెత్తబుట్టలో వేస్తున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని అడిగాను.

"నా తొడిమలంటే చెత్తబుట్టలోకి పోతాయి. నువ్వు కోసిన చివర్లు ఎక్కడికి పోతాయే?"

"ఎక్కడికీ పోవండీ. ఇందులో కోసినట్టు కనబడుతుంది గానీ, లోపల మడిచి దాస్తుంది. అంచు పట్టుకుని లాగితే మళ్ళీ..." అని ఆగిపోయింది. నావంక చూసింది. నేను చేతిలో చెత్త పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అప్పుడు మొదలుపెట్టింది చూడండి. ఒక్కో క్లిప్పు చివర పట్టుకుని లాగడం, అందులో ఏముందో చూడడం. ఫోన్ నిండిపోయిందని కొన్నిటిని ముందే పొట్టి చేసి, పెద్దవి తీసేసిందట. వాటి చివర్లు నిజంగానే పోయాయి. పిల్ల వాటిలోనే ఉండి ఉంటుందని తన భయం. దొరికిన చివర్లలో మొదట పైకప్పు, తర్వాత నేల, ఒకదాంట్లో మా కోడలి ముక్కు మాత్రం కనబడ్డాయి. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. నాకు ఆ తెర సరిగా కనబడదు, అయినా చూడకుండా ఉండలేకపోయాను.

నాలుగో దాంట్లోనో అయిదో దాంట్లోనో ఫోన్ కిందికి వాలింది. నేల మీద మా కోడలి చెప్పులు, పక్కనే రెండు చిన్న బూట్లు. ఎడమది కుడికాలికి, కుడిది ఎడమకాలికి. ఇంకోదాంట్లో చిటికెనవేలు, దాన్ని పిడికిట్లో బిగించిన చిన్న చెయ్యి. మా కోడలు ఏదో గుర్తొచ్చినట్టు, నొక్కేసిన శబ్దాన్ని మళ్ళీ పైకి లేపింది.

"అయిపోయిందా టీచర్?" అంది ఒక చిన్న గొంతు.

"అయిపోయింది" అంది మా కోడలి గొంతు. క్లిప్పు ఆగింది.

తర్వాతి దాంట్లోనూ అదే. వాన నీళ్ళలో కాగితప్పడవలు వదిలిన రోజూ అదే, రంగులు పూసుకున్న రోజూ అదే. తను ఫోన్ దించగానే అయిపోయిందా టీచర్, అయిపోయింది. వాళ్ళిద్దరి ఏడాదీ ఆ చివర్లలోనే ఉంది, ఊగుతోందని చెప్పి మా కోడలు దాన్నే కోసేస్తూ వచ్చింది.

ముఖం ఒక్క క్లిప్పులోనే దొరికింది. బడి తోటలో తీసింది. ఫోన్ తిరుగుతుంటే రెప్పపాటు కాలం, తలెత్తి టీచర్‌వంక చూస్తున్న ముఖం. చూసేలోపు పోతోంది. నెమ్మదిగా కదిలేట్టు చేస్తే గొంతు ముసలి దయ్యంలా సాగి, నేనే భయపడ్డాను. చివరికి ఆ ముఖం దగ్గర బొమ్మను నిలబెట్టి, గొంతును మాత్రం మామూలుగా నడవనిచ్చింది. బూట్లు, వేలు, ముఖం, మాట. అన్నీ కలిపి స్లైడ్‌షోకు మొట్టమొదట పెట్టింది.

పెట్టాక మళ్ళీ భయం. "నేల చూపిస్తే నవ్వుతారేమో. పెద్ద మేడమ్ ఏమంటారో."

"నవ్వితే పళ్ళు కనబడతాయి. అంతకన్నా ఏమవుతుంది?"

మర్నాడు నన్ను కూడా తోడు రమ్మంది. హాల్లో వెనక తలుపు దగ్గర కుర్చీ వేసి, "డ్రైవరు చొక్కా కనబడగానే చెయ్యెత్తండి అత్తయ్యా, అప్పుడే మొదలుపెడతాను" అని చెప్పి ముందుకు పోయింది. కంప్యూటరు వేదిక పక్కన ఉంది. ఆ పిల్ల అక్కడే, మామూలుగా, వేలు పట్టుకుని నిలబడింది. నేను ఎదుటి రోడ్డు వంకే చూస్తున్నాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక్కటీ ఆగలేదు.

మా కోడలు వైరు సరిచేస్తున్నట్టు కాసేపు నటించింది. పాట శబ్దం పెంచి తగ్గించింది. ఇక పెద్ద మేడమ్ చెయ్యి ఊపింది. లైట్లు ఆరాయి.

తెర మీద నేల కనబడింది. "ఫోన్ కింద పడేసినట్టున్నారు" అన్నాడు నా ముందు వరసలో ఒకాయన, కొందరు నవ్వారు. బూట్లు వచ్చాయి, వేలు వచ్చింది, ముఖం వచ్చి నిలబడింది. అయిపోయిందా టీచర్ అని గొంతు వినబడగానే చిన్న తరగతి పిల్లలంతా తోక, తోక అని గోల చేశారు. ఆ పిల్ల మాత్రం తెరవంక ఒక్కసారి చూసి, తల తిప్పి తలుపు వంక చూసింది. నేనున్న వైపే. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

మిగతా పిల్లలందరూ వచ్చారు, పోయారు. చప్పట్లు కొట్టారు. నాకొక్కటీ గుర్తులేదు. చివరి ఫొటో వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. డ్రైవరు చొక్కా, భుజానికి సంచి, పరుగెత్తి వచ్చాడేమో రొప్పుతున్నాడు. నేను లేచి రెండు చేతులూ ఎత్తాను. ఆ వయసులో అంత ఎత్తుకు ఎత్తగలనని నాకే తెలియదు. అప్పటికే ఫొటో పోయి తెర నల్లబడింది. లైట్లు వెలిగాయి. పెద్ద మేడమ్ మాట్లాడటానికి లేచి నిలబడింది.

మైకు కంప్యూటరు పక్కనే ఉంది. ఎవరో అప్పుడే దాన్ని ఆన్ చేశారు. వేలు పట్టుకుని నిలబడ్డ పిల్ల అడిగింది హాలంతా వినబడింది.

"అయిపోయిందా టీచర్?"

మా కోడలు తలెత్తింది. నా చేతులు చూసింది, నా పక్కనున్న మనిషిని చూసింది. తర్వాత తనవైపు వస్తున్న పెద్ద మేడమ్‌ను చూసింది.

"లేదు" అంది.

స్లైడ్‌షో మళ్ళీ మొదటికి తెచ్చింది. పెద్ద మేడమ్ ఏదో అనబోతే, మా కోడలు ఆవిడవంక ఒక్క చూపు చూసింది. ఆవిడ వెనక్కి వెళ్ళి కూర్చుంది. స్కూల్లో ఉందని అందరూ చెప్పే చూపు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

తెర మీద నేల వచ్చింది, బూట్లు వచ్చాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను ఆయనకు నా కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"తారుమారయ్యాయి" అన్నాడు ఆ బూట్ల వంక చూస్తూ, నాతోనో తనతోనో. "పొద్దున్నే చీకట్లో నేనే వేస్తానండి."

బయట బస్సు హారన్ మోగింది, కండక్టరు పిలుస్తున్నట్టున్నాడు. ముఖం వచ్చేదాకా ఆయన కదల్లేదు.