వంత లేని పాట

మా బావ, అంటే మా అక్క భర్త, సముద్రంలో వేసిన వలను అందరూ కలిసి తాడు పట్టి ఒడ్డుకు లాగుతూ పాడే వలపాటను ఒకచోట నిలబడి పాడలేకపోయేవాడు. తాడు లాగుతున్నట్టు వెనక్కి అడుగులేస్తూనే పాడేవాడు. మద్రాసు రేడియోవాళ్లు ఒకసారి ఆయన్ని పిలిపించి, మైకు ముందు కదలనివ్వకుండా ఒంటరిగా పాడించుకున్నారు.

అది ప్రసారమైన సాయంత్రం మా పల్లెంతా వాకాడు పంచాయతీ రేడియో ముందు చేరింది. ఆయన మాత్రం కుదురుగా కూర్చోలేదు, అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

రేడియోలో ఆయన గొంతు చరణం చరణానికీ వంత కోసం ఆగింది. అక్కడ ఎవరూ అందుకోలేదు. మూడోసారికి ఓర్చుకోలేక ఇక్కడ తనే వంత పాడుతూ వెనక్కి వెనక్కి నడిచాడు. ముళ్లకంచె వీపుకు తగిలాక ఆగాడు.

"పాట బాగుండాది బావా," అన్నాను.

"ఏం బాగు? ఆడ ఒక్కడూ తాడు పట్టలా."