గెట్టు తీసిన ఏడు

గుమ్మడి పువ్వు తెల్లవారుతుండగా విచ్చుకుంటుంది, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఈ సంగతి నాకు యాభై ఆరేళ్లు వచ్చాక తెలిసింది. ఆరెకరాల రైతునని మీసం మెలేసుకుని తిరిగినవాడికి ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది! నేర్పింది మా కింది చేను గంగాబాయి. ఆమెకు కళ్లు సరిగా కనబడవు.

మా ఊరు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే రోడ్డుకు కొంచెం లోపలికి, ఒక గుట్ట కింద ఉంటుంది. గుట్టను ఆనుకుని నా ఆరెకరాలు, దాని కింద గంగాబాయి ఇరవై గుంటలు, అంటే అరెకరం. గుట్ట మొదలు నుంచి ఆమె చేను దాకా, నా పొలానికి నట్టనడుమ దున్నకుండా వదిలిన గెట్టు ఒకటి ఉండేది. రెండు మంచాలు అడ్డంగా వేసేంత వెడల్పు. దానినిండా తంగేడు, సీతాఫలం, పరికి పొదలు. మా తాత దాన్ని ఎందుకు వదిలాడో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

గంగాబాయి పదమూడో ఏట బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకుంది, అరవై దాటేదాకా దించలేదు. భర్త బాలయ్య పోయాక ఆ బీడీల మీదనే కూతురు వనజను పెంచి కామారెడ్డిలో ఇచ్చింది. కంటి నరం ఎండిపోయింది, ఆపరేషన్ చేసినా లాభం లేదని డాక్టర్లు చెప్పినప్పుడు వనజ ఏడ్చిందట గానీ ఈమె ఏడవలేదు. "వేళ్లున్నయి గదనే," అన్నదట. కూతురు తన దగ్గరికి వచ్చి ఉండమంటే మాత్రం కదలదు. "నా గుమ్మడిని ఎవలు సూస్తరు?" అంటుంది.

ఆ గుమ్మడి ఆమె తల్లిగారి విత్తు. కొత్త కోడలిగా వచ్చేటప్పుడు తల్లి కొంగున ముడేసి పంపింది. బతుకమ్మ పండుగ వచ్చిందంటే ఊరి ఆడవాళ్లంతా ఆమె చేనికే వెళ్తారు. బతుకమ్మ మీద గుమ్మడి పువ్వు లేనిదే మాకు గౌరమ్మ లేదు. ఆమె పువ్వుతో పాటు ఒక్కొక్కరి కొంగులో నాలుగు గింజలు కూడా వేసేది. "దాసుకుంటే పురుగు వడ్తది, పంచితే నిలుస్తది," అని ఆమె నమ్మకం. నిలిచిందెక్కడ? కొందరు పెట్టనేలేదు, కొందరు దుకాణం విత్తనాలకు మారిపోయారు. మా ఇంటికి వచ్చిన గింజలను నా భార్య కళ్యాణి వేయించి పెడితే నేనే నమిలాను. అలా ఊరంతా పంచిన విత్తు చివరికి ఆమె ఇంట్లోనే కొన్ని గింజలుగా మిగిలింది.

ఆ ఎండాకాలం నేను జేసీబీ పిలిపించాను. గెట్టు తీస్తే నాలుగు గుంటలు కలిసొస్తాయని లెక్క. చప్పుడు విని గంగాబాయి కర్ర తాటించుకుంటూ వచ్చింది.

"రాజేశం, దాన్ని ఉండనీయ్ కొడుకా. గుట్టమీది తేనెటీగలు దిగొచ్చే తొవ్వ అది. తుమ్మెదలుండేది గూడ ఆ ఎండుకొమ్మలల్లనే."

"అవ్వా, తేనెటీగలకు రెక్కలున్నయి. వాటికి రోడ్డెయ్యాల్నా?" అన్నాను. డ్రైవర్ నవ్వాడు. నేనూ నవ్వాను. సాయంత్రానికి గెట్టు లేదు. వానలు పడగానే గుట్ట మొదలు నుంచి ఆమె చేను అంచు దాకా ఒకటే మక్కజొన్న వేసి, పురుగుమందు కూడా బాగా కొట్టించాను.

శ్రావణంలో ఒకరోజు పొద్దున్నే నీళ్లు చూద్దామని వెళ్తే, గంగాబాయి గుమ్మడి తీగల నడుమ మోకాళ్ల మీద పాకుతూ కనిపించింది. ఏదో పోగొట్టుకుని వెతుకుతోందనుకున్నాను. దగ్గరికి వెళ్తే చేతిలో ఒక మగపువ్వు. రేకులు తుంచేసి, మరో చేత్తో తీగ వెంట తడుముతోంది. పువ్వు కింద పిందె తగిలితే అది ఆడపువ్వు. దాని లోపల ఈ మగపువ్వును సుతారంగా రుద్దుతోంది. చేతులనిండా ఆకుల నూగు గీరిన ఎర్రటి గీతలు.

"గిదేం పని అవ్వా?"

"ఈగలు వస్తలేవు కొడుకా. పిందెలన్నీ పసుపువారి రాలిపోతున్నయి. ఉన్న గింజలన్నీ వెట్టిన. ఈ ఏడు ఒక్క కాయన్న నిలవకుంటే మా తల్లి ఇచ్చిన విత్తు ఇగ లేదు."

గెట్టు ఊసెత్తలేదు. తిడితే బాగుండేది. తిట్టే నోరు లేనిది కాదు, కల్లు తాగి బీడీలు అడిగిన వాణ్ని వీధి చివరిదాకా తరిమిన మనిషి. నేను చెప్పులు విడిచి తీగల్లోకి దిగి, ఇంకో ఆడపువ్వు వెతకడం మొదలుపెట్టాను.

మరునాటి నుంచి తెల్లవారేసరికి నేనూ అక్కడే. వెతకడం నా వంతు, రుద్దడం ఆమె వంతు. నేను చేస్తే మోటుగా పువ్వు చిరిగేది. "బీడీకి ముడేసినట్టు వట్టుకోవాలె, పగ్గం వట్టినట్టు గాదు," అని వేళ్ల మీద కొట్టేది. ఇంట్లో కళ్యాణి ఊరుకుంటుందా! "సొంత చేన్ల గడ్డి వీకనోడు, పొద్దుగాల్నే పోయి పూలకు పెండ్లిండ్లు జేస్తుండు," అని వాడకట్టంతా చెప్పింది.

మూడు కాయలు నిలిచాయి. వానకు ఒకటి కుళ్లింది, ఒకదాన్ని అడవిపందులు తినిపోయాయి. మిగిలిన ఒక్కదాని కింద గడ్డి పరిచి, చుట్టూ ముళ్లకంప నాటి, దీపావళి దాకా కాపలా కాశాను. నా పిల్లలకైనా అంత చేయలేదు. కోసిన రోజు ఆమె గింజలు కడిగి బూడిదలో కలిపి ఆరబెట్టి, ఒక దోసెడు నా చేతిలో పోసింది.

"ఈసారి తినకు," అన్నది. అంటే అప్పటి సంగతి ఆమెకు తెలుసన్నమాట!

మరుసటి ఎండాకాలం గుట్ట నుంచి ఆమె చేను దాకా తాడు పట్టి, పాత గెట్టు ఉన్నంత మేర దున్నకుండా వదిలేశాను. తంగేడు పాత వేళ్ల నుంచి తనంతట తానే లేచింది. సీతాఫలం గింజలు నేను గుచ్చాను. గెట్టు తీయడానికి ఒక పూట పట్టింది. మళ్లీ నడుమెత్తు పొదలు కావడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ పూలపెళ్లిళ్లు మేమే చేశాం. ఏడాదికేడాది గంగాబాయి కళ్లలో ఉన్న కాస్త వెలుగూ తగ్గిపోయింది.

మొన్న శ్రావణంలో ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చేను ఒడ్డు మీద కూర్చోబెట్టాను. ఎప్పటిలాగే మగపువ్వు తెంపి, రేకులు తుంచి, ఆమె కాళ్ల దగ్గరే విచ్చుకున్న ఆడపువ్వు మీదికి వంగాను. ఆమె చప్పున నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు."

"ఏంది అవ్వా?"

"అది జేస్తది. ఇను."

నాకు ముందు ఏమీ వినబడలేదు. తర్వాత పువ్వు లోపలి నుంచి సన్నగా రొద. వంగి చూస్తే తేనెటీగ. ఒళ్లంతా పసుపు పూసుకుని మెల్లగా పైకి పాకి, ఎగిరి పక్క పువ్వులో దూరింది. దాని వెనుక గెట్టు వైపు నుంచి ఇంకొకటి వచ్చింది.

గంగాబాయి ముఖమంతా నవ్వు. "ఇగ నీకు పని లేదు రాజేశం. ఇంటికి వో."

నేను పోలేదు. తెంపిన పువ్వును చేతిలోనే పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆమె తడుముకుంటూ నా వీపు నిమిరింది.