గొట్టం తీయని వంతెన

పోయిన నెల మొదటి వారంలో నా భార్య చనిపోయింది. గుండెనొప్పితో దవాఖానలో చేర్చిన మూడో రోజున. మా ఇంటికి వచ్చి మేడమీది బొమ్మ రైలును చూసి వెళ్లిన మిత్రులు చాలామందే ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పుకునే శక్తి లేక ఇలా రాస్తున్నాను. ఆ రైలు నాది. దాని దారిలోని రాతి వంతెనలు ఆమెవి. వచ్చినవాళ్లు రైలును ఒక చుట్టు చూసి, ఆ తర్వాత వంతెనల దగ్గరే ఆగిపోయేవారు.

కాలేజీలో పాఠాలు చెప్పడం ముగిశాక, నల్గొండలో మా మేడగదిలో పెద్ద బల్ల వేసి, కరెంటుతో నడిచే చిన్న రైలు పెట్టుకున్నాను. పట్టాలతో పాటు ఒక ప్లాస్టిక్ వంతెన వచ్చింది. రైలు కింద నుంచి పోతుంది, పైన బండ్ల బాట. చాయ్ ఇవ్వడానికి పైకి వచ్చి ఆమె దాన్ని చూసింది.

"ఇది వంతెననా, సబ్బు డబ్బనా?"

"నువ్వు కట్టు మరి" అన్నాను.

"కడ్త. నాకేం భయమా?"

మాటకు కట్టుబడే మనిషి. మేళ్లచెరువులో ఉన్న తన చెల్లెలి ఇంటికి వెళ్లి, వచ్చేటప్పుడు సంచి నిండా సున్నపురాయి ముక్కలు తెచ్చింది. బస్సులో కండక్టర్ సంచి జరపబోయి ఆగిపోయాడు.

"ఏం పెట్టినవమ్మా, గింత బరువున్నది?"

"రాళ్లు."

"మీ ఊర్ల దొర్కయా రాళ్లు?"

"దొర్కుతయి. గివి మా చెల్లె పెట్టిన సారె."

ఆ రాళ్లను చాటలో పోసుకుని కూర్చునేది. "అందరు బియ్యంల రాళ్లేరుతరు, నేను రాళ్లల్ల రాళ్లేరుతున్న" అని తనే నవ్వేది. పట్టకారుతో విరిచి, ఆకురాయితో అరగదీసి, ఒక్కొక్కటీ చింతగింజంత చేసేది, ఒక పక్క సన్నగా. చీరల దుకాణంలో బట్ట చుట్టే అట్ట గొట్టం తెచ్చి నిలువునా సగానికి కోసింది. పట్టాల మీద దాన్ని బోర్లించి, పైన తడిపిన పాత నూలు చీర ముక్క పరిచేది, గొట్టానికి ఏమీ అంటకుండా. రెండు పక్కల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి నడినెత్తిన చివరి రాయి దింపేది. అంతా ఆరాక గొట్టం లాగేస్తే కమాను మిగలాలి.

ఆమె నేత ఇంటి ఆడపిల్ల. పడుగు నూలుకు గంజి పెట్టడం చూస్తూ పెరిగింది. గంజితో అతకనిది లోకంలో లేదని ఆమె నమ్మకం. బజారు నుంచి బంక తెస్తానంటే వినలేదు. మొదటి వంతెన గంజితోనే లేచింది. నాలుగో రోజు పొద్దున బల్లకాలి వెంట చీమల బారు కనిపించింది. అయినా ఆమె గొట్టం తీసింది, నేను రైలు వదిలాను. మూడో చుట్టులో వంతెన మొత్తం పెట్టెల మీద రాలింది. నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వు, నవ్వు. చీమలకన్న కడుపు నిండింది. నీ పాఠాలతోని ఎవలి కడుపు నిండింది?"

రెండు రోజులు ఆ రాళ్లను ముందు పెట్టుకుని ఆలోచించింది. మళ్లీ అన్నిటినీ ఒకదానికొకటి ఆనేలా అరగదీసి, ఈసారి పల్చగా సున్నం పెట్టింది. "రాయి రాయిని పట్టుకోవాలె. బంకను నమ్మితే గిట్లనే అయితది" అంది. అలా కట్టిన మూడింటిలో ఒక్క రాయి కదలలేదు. ఇంకా ఆరలేదా అని నేను తొందరపెడితే, "రాయికి లేని తొందర నీకెందుకయ్యా?" అనేది. గొట్టం ఎప్పుడూ తనే తీసేది. నా పని స్విచ్చి దగ్గర నిలబడడం.

నాలుగో వంతెన అన్నిటికంటే పెద్దది. దాని చివరి రాయి దింపిన మరునాడే నొప్పి వచ్చింది. దవాఖాన మంచం మీద అడిగింది.

"గొట్టం గుంజలేదు గద?"

"లేదు."

"గుంజకు. నేనొచ్చినంక తీస్త."

రాలేదు. నెల రోజులు రైలు నిలిచిపోయింది. దుమ్ము మాత్రం తుడిచేవాణ్ని. గొట్టం లాగితే, వంతెన కూలితే, ఆమె కడసారి చేసిన పని కుప్పగా మిగులుతుంది. పైగా ముట్టవద్దని చెప్పింది తనే.

నెల మాసికానికి ఆమె చెల్లెలు వచ్చింది. మేడెక్కి చూసింది.

"రైలెందుకు ఆపినవు బావా?"

చెప్పాను. వంగి, గొట్టం చివర కనిపిస్తున్న చీర ముక్కను వేలితో తడిమింది.

"నేసిన బట్ట మగ్గం మీద ఎన్నొద్దులుంచుతవు బావా? కోస్తెనే చీరయితది."

"కూలితే?"

"కూలితే రాళ్లు నేను తెస్త. మా అక్క కట్టింది కూలదు గని."

మోకాళ్ల మీద కూర్చుని, గొట్టాన్ని రెండు వేళ్లతో మెల్లగా లాగాను. చీర ముక్క దానితో పాటే వచ్చింది. చిటికెడు సున్నం రాలింది. రాళ్లు నిలిచాయి.

సరిగా ఉందో లేదో చూద్దామని చెంప బల్లకు ఆనించి కమాను కడుపులోకి చూశాను. రాళ్ల సందుల్లోని సున్నం మీద చీర నేత అచ్చు పడి ఉంది. పడుగు, పేక పోగులు, ఒక పక్కన అంచు గీత కూడా. టార్చి తెచ్చి మిగతా మూడు వంతెనల కిందా చూశాను. అన్నిట్లోనూ ఉంది. ఇన్నేళ్లూ స్విచ్చి దగ్గర నిలబడి నేను చూడనిది. ఆమెకు తెలిసే ఉంటుంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"స్విచ్చి నేనేస్త, నువ్వు ఆడనే ఉండు బావా" అంది చెల్లెలు.

లేవలేదు. చెంప బల్ల మీదే ఉంచి చూశాను. ఇంజను వచ్చింది. దాని చిన్న దీపం ఆ పోగుల మీద ఈ కొస నుంచి ఆ కొసకు జారుతూ పోయింది.